ఎర్రబడ్డ చెంపలు, ఎవరివీ కాని ట్యూబులు

బెంగళూరు మడివాళలో మేమున్న పీజీ హాస్టల్లో బాత్రూమ్ కిటికీ గట్టు మీద ఏడు ట్యూబులుండేవి. ఎవరివని అడిగితే ఎవరివీ కావు. గది ఖాళీ చేసేవాళ్ళు బకెట్టూ మగ్గూ పట్టుకుపోయేవారు గానీ, ముఖానికి పూసుకునే మందుల్ని మాత్రం వెనకవాళ్ళకు వదిలేసి వెళ్ళేవారు. అవి రెండువేల తర్వాతి తొలి సంవత్సరాలు. మగవాళ్ళ క్రీములంటూ ఇంకా మా దాకా రాలేదు. క్రీము పూసుకునే మగాడు మాలో లేడని పన్నెండుమందిమీ ఏకగ్రీవంగా నమ్మేవాళ్ళం. ట్యూబులు మాత్రం రోజురోజుకూ సన్నబడేవి.

నా ముఖానికి రెండు బాధలు. ఒకటి, కాలేజీనాటి మొటిమలు పోతూపోతూ వదిలిన మచ్చలు. రెండోది, వేడి కాఫీ తాగినా, ఎండలో బస్సు కోసం నిలబడినా చెంపలూ ముక్కూ ఎర్రబడి చాలాసేపు అలాగే ఉండిపోవడం. దాన్ని రొజేషియా అంటారని అప్పటికి నాకు తెలియదు. మా ఆఫీసువాళ్ళకు అసలే తెలియదు. సోమవారం పొద్దున్నే "నిన్న గట్టిగానే వేసినట్టున్నావే" అని నవ్వేవారు. నేనేమో బీరు సీసా మూత తీయడం కూడా రానివాణ్ణి.

ఇంతలో కాడుగోడి నుంచి సంబంధం వచ్చింది. తరాలుగా అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్ళు. అమ్మాయి స్కూల్లో లెక్కలు చెబుతుంది. పెళ్ళిచూపుల్లో నేను జవాబుకు తడుముకుంటుంటే, "నిదానంగా చెప్పండి, పరీక్షేం కాదు" అంది. ఆ ఒక్కమాటకే పడిపోయాను. తనకూ ఇష్టమేనని కబురొచ్చింది. ఇక మిగిలిందల్లా, వచ్చే ఆదివారం వాళ్ళ నాన్న నేనుండే చోటు చూడ్డానికి రావడం. నా చెంపలు చూసి పిల్లాడు తాగుతాడేమోనని ఆయనకు అనుమానమట.

ఆరు రోజుల గడువు. నా గదిలో ఉండే స్నేహితుడు రోజంతా ప్రోగ్రాములు రాసే మనిషి, ఆలోచన కూడా అలాగే సాగేది. "ఒక్కో ట్యూబు ఒక్కో పని చేస్తుంది కదరా. ఒకదాని తర్వాత ఒకటంటే డెడ్‌లైన్‌కి అవదు. అన్నీ పారలల్‌గా రన్ చెయ్" అన్నాడు. నాకది మహా సబబుగా తోచింది. మచ్చలది, మొటిమలది, తెల్లబడేది, దురదది, పేరే చెరిగిపోయినది, అన్నీ అరచేతిలో కలిపి మెత్తాను. దురద మందు కొత్తేమీ కాదు. ఎరుపు తగ్గుతోందని ఆర్నెల్లుగా దొంగచాటుగా రాస్తూనే ఉన్నాను.

గురువారానికి ముఖం భగ్గుమంది. నీళ్ళు తగిలినా ప్రాణం పోయినంత పనయ్యేది. ఏడు ట్యూబులూ ప్లాస్టిక్ సంచిలో వేసుకుని చర్మం డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ వాటిని బల్ల మీద వరసగా పేర్చి, నా వంకా వాటి వంకా చూసింది.

"అన్నీ ఒకేసారి పూసినావా? నీది మొగమా అప్పా, చిత్రాన్నమా?"

దురద మందులో స్టెరాయిడ్ ఉందట. "పూసినన్నాళ్ళూ ఎరుపు అణిగినట్టే ఉంటాది, నిలిపితే రెండింతలు లేస్తాది. అయినా నిలపాల్సిందే" అంది. ప్రస్తుతానికి మెత్తటి సబ్బు, తేమ నిలిపే క్రీము, ఎండకు సన్‌స్క్రీన్, అంతే. మంట పూర్తిగా చల్లారాక ఎరుపుకూ మచ్చలకూ రెంటికీ పనికొచ్చే మందు ఒకటి మొదలుపెట్టాలి, అదీ ముందు దవడ అంచున కాస్త రాసి చూసుకుని, రోజు విడిచి రోజు. రెండో మందు అవసరమైతే కొన్ని వారాలాగి, అదీ తనను అడిగాకే. రెండూ ఒకేసారి మొదలెడితే, మండినప్పుడు దోషి ఏదో తెలియదు.

"ఆదివారానికి తగ్గుతుందా డాక్టర్?"

"ఏ నెల ఆదివారం?" అంది.

ఆదివారం ఆయన వచ్చి హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. నా ముఖం ఎండుమిరపకాయ రంగులో ఉంది. పక్కన మా పీజీవాళ్ళు ఐదుగురు ఒకే పేపరును శ్రద్ధగా చదువుతున్నారు.

"తప్పుగా అనుకోవద్దప్పా. మొగం చూసి అడుగుతా ఉండాను. నీకు తాగే అలవాటు ఉండాదా?"

డాక్టరమ్మ చీటీ నా చొక్కా జేబులోనే ఉంది. తీసి చూపిస్తే చాలు. కానీ చూపించాలంటే ఆడవాళ్ళ క్రీములు మెత్తుకున్నానని ఐదుగురి ముందు ఒప్పుకోవాలి. పేపరు చప్పుడు ఆగిపోయింది.

"అప్పుడప్పుడండీ. వీకెండ్స్‌లో" అన్నాను.

మావాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఆయన కాఫీ పూర్తిచేసి, నిజం చెప్పినందుకు సంతోషమని వెళ్ళిపోయాడు. బుధవారంనాడు, ఈ సంబంధం వద్దని కబురొచ్చింది. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. కన్నీళ్ళకు చెంపలు మరింత మండాయి.

మూడు నెలలకు ముఖం తేరుకుంది. ఇప్పుడైనా నిజం చెబుదామని, జేబులో చీటీ పెట్టుకుని కాడుగోడి వెళ్ళాను. వాళ్ళింటి ముందు పందిరి వేస్తున్నారు. ఆయనే నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చి, నా చెంపల వంక తేరిపార చూశాడు.

"మానేసినట్టుండావే! మంచిపని చేసినావప్పా" అని భుజం తట్టాడు. "గురువారం మా పాప పెండ్లి. తప్పకుండా రావాల."

"అవునండీ, మానేశాను" అన్నాను.