ఎర్ర పుల్లలు

"...మరి గొర్రె గుడ్డు మింగడం నువ్వు కళ్ళారా చూశావా వదినా?"

"మింగుతుందని నేనెప్పుడన్నాను మోర్తన్? అది మేస్తూ మీదికొస్తే పిట్ట గూడు వదిలి లేస్తుంది. ఆ సందులో కాకి దూరుతుంది."

"ఓహో, తప్పంతా నాలుగు కాళ్ళవాళ్ళదే. రెండు కాళ్ళవాళ్ళకి ఏ పాపమూ తెలీదు!"

"ఎవర్ని అంటున్నావు?"

"నువ్వు కొండవాలు ఎక్కే రోజున కాకులు కంచె మీద కూచుంటాయి, బస్సు కోసం కూచున్నట్టు. ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూశావా?"

సున్నువా కాఫీ గిన్నెకు మూత పెట్టేసింది. మరిది కప్పు ఖాళీగానే ఉండిపోయింది.

మా ఊళ్ళో ఉత్తరాలు పంచినన్నాళ్ళూ ఆమె కళ్ళు నేలమీదే ఉండేవి. వంకర ముక్కు పిట్టలు ఇక్కడ గడ్డిలోనే గుడ్లు పెడతాయి. ఉద్యోగం మానేశాక, రాజధానిలోని పరిశోధకులు ఆ గూళ్ళ లెక్క చూసిపెట్టమని అడిగారు. ఫారో దీవుల్లో పొగమంచు దిగితే పక్కనున్న మనిషే కనబడడు, గడ్డిలో గూడు మళ్ళీ ఎలా దొరుకుతుంది? అందుకని ప్రతి గూటి పక్కనా ఎర్రరంగు పూసిన పుల్ల గుచ్చేది. వేసవంతా తిరిగి, ఎన్ని గుడ్లు పిల్లలయ్యాయో రాసి పంపేది.

ఏటికేడు పిల్లలు తగ్గిపోతున్నాయి. గొర్రెల వల్లేనని ఆమె నమ్మింది. ఆమె లెక్కల్ని బట్టే ఊరివాళ్ళు వేసవికి ఆ వాలు మీది గొర్రెల్ని దింపేయాలనుకుంటున్నారు. మోర్తన్ గొర్రెలన్నీ అక్కడే మేస్తాయి. అతనికి వేరే మేత లేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక తేల్చేస్తారు.

మరిది మాటను కొట్టిపారేద్దామనుకుంది. కుదరలేదు. మర్నాడు గూళ్ళూ గొర్రెలూ లేని రాతినేల వైపు కొన్ని పుల్లలు గుచ్చి, సముద్రపు పాయ అవతలి ఒడ్డుకు వెళ్ళి దుర్భిణి పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం భర్త హానుస్ రొట్టె, ఎండు మాంసం తెచ్చాడు.

"ఏమైనా కనబడిందా?"

కాకి ఒకటి మొదటి పుల్ల దగ్గర వాలింది. చుట్టూ నడిచి, రాళ్ళ సందులు పొడిచి చూసింది. తర్వాత నేరుగా రెండో పుల్ల దగ్గరికి ఎగిరింది. అక్కణ్ణించి మూడోదానికి.

హానుస్ దుర్భిణి అందుకుని చూశాడు.

"ఇన్నేళ్ళు పైన తిరిగావు కదా, ఇది నీ కంట పడలేదా?"

"నేనుంటే అది దగ్గరికి రాదుగా."

"పోనీలే. కొన్నయినా గొర్రెల వల్లే పోయుంటాయి."

"పోయుండొచ్చు. ఎన్నో నాకెలా తెలుస్తుంది హానుస్? పుల్ల లేని గూడు నేను ఒక్కటీ చూడలేదు."

రొట్టె అలాగే గుడ్డలో ఉండిపోయింది. తిరుగుదారిలో ఆమె అతనికన్నా ముందు నడిచింది.

ఆదివారం మోర్తన్ చేతులు కట్టుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు. ఊరిపెద్ద లెక్కలు చదవమన్నాడు. సున్నువా లేచి, వాలు మీదినుంచి పీకి తెచ్చిన పుల్లల కట్టను బల్లమీద పెట్టింది. కొన్నిటికి ఇంకా మట్టి అంటుకునే ఉంది.

"నా లెక్కలు పక్కన పెట్టండి. పాతవి కూడా. రాజధానికి ఆ మాటే రాశాను. గొర్రెల్ని దింపొద్దు. ఈ వేసవి నేను వాలు ఎక్కను."