మా అమ్మ సంకలో సుగుణ

మా తమ్ముడి కూతురు నీరజ బెంగుళూరు నుంచి వస్తూ ఒక పాత ఫిల్ము కెమెరా తెచ్చింది. కొత్త రోలు వేయడానికి డబ్బీ మూత తీయగానే, మందుల అంగడిలో వచ్చేలాంటి పుల్లటి వాసన ముక్కుకు తగిలి, నాకు వెంటనే మా జేజి, మా నాయన తల్లి, గుర్తుకొచ్చింది. అది ఫిల్ము వాసన అని నాకు చిన్నప్పుడు తెలియదు, జేజి నశ్యం వాసన అనుకునేదాన్ని. మా ప్రకాశం చిన్నాయన పారేసిన నల్ల డబ్బీల్లోనే ఆమె నశ్యం పోసుకుని రొండిన దోపుకునేది.

"కదలొద్దత్తా, దీంట్లో ముప్పై ఆరే ఉంటాయి," అని నీరజ నన్ను వాకిట్లో నిలబెట్టి ఒకటి తీసింది. చూపించమంటే నవ్వింది. "ఇప్పుడు రాదు, కడిగించాలి. అదే కదా మజా."

ఫోన్లో ఎన్నంటే అన్ని తీసుకోగలిగిన పిల్ల, ఒక్క ఫోటో కోసం వారాల తరబడి ఎదురుచూడటాన్ని మజా అనుకుంటోంది. ఆ మాట అనగలిగే వయసును చూసి నాకు కుళ్లు పుట్టిన మాట నిజం. మా చిన్నతనంలో ఎదురుచూపు మజా కాదు, జ్వరం.

మా ఊరు కోయిలకుంట్లకు అవతల, కుందూ ఏటి గట్టుకు దగ్గరలో ఉంది. వాన పడితే నల్లరేగడి చెప్పుల్ని ఊడబెరికి ఉంచుకునేది, ఎండ కాస్తే అదే నేల కాలు దిగబడేంత నెర్రెలిచ్చేది. చలికాలం జొన్న కంకులు పాలు పోసుకునేటప్పుడు మేం ఆడపిల్లలం చేల గట్ల మీద పిట్టల్ని తోలుతూ, పచ్చి కంకులు కాల్చి నలిపిన ఊచబియ్యం నమిలి, పెదాలకంటిన పొట్టు ఊదుకుంటూ, గచ్చకాయలాడుతూ పొద్దు గడిపేవాళ్లం. కోత కోసి, కల్లాలు చేసి, జొన్నలు ఇల్లు చేరాక మా గుడిలో కోత పండుగ వచ్చేది. క్రిస్మసు కంటే మాకు అదే పెద్దది. క్రిస్మసుకు కొత్త గుడ్డలొస్తాయి, కోత పండుగకు ఊరంతా గుడికొస్తుంది.

తాతల కాలంలో నాపరాళ్లతో కట్టిన గుడి అది. ఆ రోజు పొద్దున్నే ఒక్కో ఇంటివాళ్లూ తమ కష్టంలో మొదటి ఫలం తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవాళ్లు. జొన్న కంకుల కట్టలు, శనగలు పోసిన చాటలు, కాళ్లు కట్టిన కోళ్లు, గుమ్మడికాయలు, తాటాకు బుట్టలో గుడ్లు. పాస్టరయ్య ప్రార్థన చేసేటప్పుడు కోళ్లు కూడా ఏదో ఒకటి అంటూనే ఉండేవి. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ గుడి ముందర బండల మీద పరిచి వేలం వేసేవాళ్లు. పొయ్యిల మీద వేటమాంసం చియ్యలకూర ఉడికే వాసన, పెనం మీద ఓళిగల నెయ్యి వాసన, కోళ్ల రెట్ట వాసన కలిసి వచ్చేవి. నాకు పండుగంటే ఇప్పటికీ ఆ మూడూ కలిసిన వాసనే.

ఆ వేలంలో ఒక ఆచారం ఉండేది. పాడుకున్న వస్తువును ఇంటికి తీసుకుపోకుండా "దేవునికే" అంటే, అది మళ్లీ పాటకు వస్తుంది. అలా ఇచ్చినవాడు రెండోసారి దాన్ని పాడకూడదు. ఊళ్లో ఈ "దేవునికే"కి పెట్టింది పేరు మా నాయన. ఏటా ఒక గుమ్మడికాయ పాడటం, మూడోసారి అన్న మాట పూర్తి కాకముందే చెయ్యెత్తి "దేవునికే!" అనటం, నలుగురూ "స్తోత్రం" అంటుంటే తలపాగా సర్దుకోవటం.

"ఎప్పుడన్నా ఒక్క గుమ్మడికాయ మన గడప తొక్కుతాదా?" అని అమ్మ ఏడాదంతా దెప్పేది.

ప్రకాశం చిన్నాయనకు పొలం లేదు. లారీ తోలేవాడు. బొంబాయి నుంచి తోలు సంచీలో ఒక కెమెరా తెచ్చుకున్నాడు. ఊళ్లో అదొక్కటే కెమెరా. ఒక రోలు వేశాడంటే అది నెలల తరబడి నడిచేది. దాన్ని సగంలో తీయడం, అన్నం సగంలో ఆకు మడవడం ఆయనకు ఒక్కటే. ఆ ఏడు పండుగకు అందరూ తలా ఒకటి తెచ్చిపెడుతుంటే, ఈయన కెమెరాను తీసుకొచ్చి గుమ్మడికాయల పక్కన పెట్టాడు. "నాకు పండేది ఇదే. దీంట్లోది ఒక్క ఫోటో దేవునికి ఇస్తాండా. పాడుకున్నోళ్లను తీస్తా," అన్నాడు.

ఈ సంగతి ముందే ఇంట్లో తెలుసు. ఫోటో మనమే పాడుకుంటామని, నన్నూ అమ్మనూ పక్కపక్కన నిలబెట్టి తీయిస్తానని నాయన నాకు మాటిచ్చాడు. అమ్మ పొద్దున్నే నా తలకు ఆముదం పెట్టి, రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టింది. తాను నీలం చీర కట్టుకుంది. మా అమ్మకు అంతవరకు ఫోటో అన్నదే లేదు.

వేలం వేసే సంఘపెద్ద నోరున్న మనిషి. "కోడి పాడితే మాపటికి అరిగిపోతాది! ఇది గోడకు తగిలిస్తే మీ మనవండ్లు గూడా చూస్తారప్పా, పాడండి!" అని అరిచాడు. పాట పెరిగింది. చివరికి మా నాయన, ఆయన అన్న, అంటే మా పెదనాయన, ఇద్దరే మిగిలారు. పెదనాయనకు రైల్వేలో ఉద్యోగం. అయినా నాయన తగ్గలేదు. పెదనాయన తల అడ్డంగా ఊపేశాడు. ఒకటోసారి, రెండోసారి... నేను రిబ్బన్లు తడుముకున్నాను.

"మూడోసారీ!"

నాయన చెయ్యి దానంతటదే లేచింది. "దేవునికే!"

కోళ్లు కూడా నోరు మూసుకున్నట్టనిపించింది. నాయన ఎత్తిన చేతిని తానే చూసుకున్నాడు. అంతలో ఎవరో కిసుక్కుమన్నారు, జనమంతా పగలబడ్డారు. దేవుడికిచ్చిన మాటను వెనక్కి తీసుకునే దారి లేదు. ఫోటో మళ్లీ పాటకొచ్చింది, పెదనాయన పాడుకున్నాడు.

పెద్దమ్మ పట్టుచీర కట్టుకునే వచ్చింది. వాళ్ల సుగుణకు అప్పుడు మూడేళ్లుండవు. గుడి గోడ దగ్గర నిలబెట్టగానే ఆ పిల్ల కెమెరాను చూసి బెదిరి ఆకాశం పగిలేటట్టు ఏడ్చింది. తండ్రి దగ్గర ఆగలేదు, తల్లి దగ్గర ఆగలేదు. పరిగెత్తుకొచ్చి మా అమ్మ కాళ్లు చుట్టుకుంది. అమ్మ ఎత్తుకుని సంకనేసుకోగానే గప్చుప్. చిన్నాయన ఆ క్షణాన్ని వదలదలుచుకోలేదు.

"వదినా, అట్లే ఉండు! కదలాకు!"

నేను అమ్మ కొంగు లాగాను. "నన్నూ ఎత్తుకోమా."

"ఎనిమిదేండ్ల దాన్ని ఎత్తుకుంటే నా నడుమిరుగుతాది. పక్కకు పో పాపా, చిన్నాయన తీస్తాండాడు."

పక్కకు పోయి, చిన్నాయన వెనకాల నాయన పక్కన నిలబడ్డాను. నాయన అప్పటికీ తేరుకోలేదు. తనను దాటి పోయిన ఫోటోను చూస్తూ అరచేత్తో నుదురు టపామని కొట్టుకున్నాడు. అది చూసి అమ్మకు నవ్వాగలేదు. సరిగ్గా అప్పుడే కెమెరా టిక్కుమంది. పట్టుచీర నలగడం తప్ప పెద్దమ్మకు ఒరిగిందేమీ లేదు. ఆమె ఆ ఫోటోలోనే పడలేదు.

ఆ రోలు అయిపోయి, నంద్యాలలో కడిగించి తెచ్చేసరికి ఎండాకాలం వచ్చింది. అరచేయంత నలుపు తెలుపు కాగితం. అమ్మ పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. సుగుణ రెండు కాళ్లూ ఆమె నడుం చుట్టూ వేసి, గెలిచినదానిలా మమ్మల్ని చూస్తోంది. పాడుకున్నవాళ్లది గనక ఫోటో పెద్దమ్మ ఇంటికి పోయింది. వాళ్లింటికి ఎవరొచ్చినా మంచినీళ్ల చెంబు తర్వాత ఆల్బం ఒళ్లోకి వచ్చేది, సుగుణ వేలు పెట్టి "ఇది నేను" అనేది. ఆ వేలిని కొరకాలనిపించేది నాకు.

చిన్నాయన లారీ ఆ తర్వాత వేరే దారుల్లో తిరిగింది, కెమెరా చేతులు మారింది. అమ్మకు మళ్లీ ఫోటో అంటే ఓటరు కార్డు మీదదే. అందులో ఆమె ఎవరో అప్పుడే తిట్టినట్టుంటుంది. అమ్మ పోయినప్పుడు గోడకు పెట్టడానికి దాన్నే పెద్దది చేయించాం. నేను పత్రికలో పనిచేసినన్నాళ్లూ వేల ఫోటోల కింద 'ఎడమ నుంచి కుడికి' అని పేర్లు రాశాను. ప్రతి ఫోటోలోనూ అంచు అవతల ఎవరు నిలబడి ఉంటారా అని వెతికేదాన్ని.

పోయిన నెల సుగుణ ఆ ఫోటోను మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 'నన్ను ఎత్తుకుని మురిసిపోతున్న మా చిన్నమ్మ' అని కింద రాసింది. పొద్దుటికి దండాలు, గులాబీలు, ఎర్ర గుండెలు. మా అమ్మను ఒక్కసారీ చూడని అల్లుళ్లు కూడా 'చక్కని జ్ఞాపకం' అన్నారు. ఇన్నాళ్లూ ఒక ఇంట్లో దాగి నన్ను ఏడిపించిన కాగితం, ఒక్క రాత్రిలో అందరిదీ అయిపోయింది. ఫోన్లో పెద్దది చేసి చూస్తే అమ్మ మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. నాకు ఆ కాగితమే కావాలి. రాయచోటి బస్సెక్కాను.

సుగుణ అక్కడ టీచరుగా చేసి రిటైరైంది. నేను అడగగానే మారు మాట లేకుండా ఆల్బం తెచ్చింది. అదే ఆశ్చర్యం. "తీసుకో అక్కా, నాకు ఫోన్లో ఉండాది కదా." అయితే పెళ్లయ్యాక ఆమె ఫోటోలన్నిటినీ జిగురు అట్టల ఆల్బంలోకి మార్చింది. అంచు లేపబోతే అమ్మ చీర కుచ్చిళ్ల దగ్గర పైపొర తెల్లగా లేచింది. ఇద్దరం చేతులు వెనక్కి తీసుకున్నాం. అట్ట మొత్తం కోసుకుందామని తిప్పి చూస్తే, అవతలి వైపు అంటించి ఉంది, ఎప్పుడో వేరేగా తీయించుకున్న ఫోటో, పట్టుచీరలో పెద్దమ్మ. సుగుణకు తల్లి ఫోటో అదొక్కటే. కత్తెర పక్కన పెట్టాను.

అన్నం పెట్టింది. తింటుంటే అడిగింది. "నాకు జ్ఞాపకం లేదక్కా. నువ్వు ఆడ్నే ఉంటివి కదా. చిన్నమ్మ నన్ను చూసేనా నగింది?"

అవునంటే సరిపోయేది. నా నోరు ఒప్పుకోలేదు. "కాదే. మా నాయన తలకాయ కొట్టుకుంటాంటే చూసి నగింది," అన్నాను. 'దేవునికే' కథంతా చెప్పాను.

సుగుణ ఎడమ చేత్తో ఆల్బంను దగ్గరికి లాక్కుని చూసింది. తర్వాత పొలమారేలా నవ్వింది.

"సరే పో అక్కా. నగు నీది, సంక నాది."

తిరుగు బస్సులో నీరజ ఫోన్ చేసి, రోలు ఇంకా సగమే అయిందని చెప్పింది. మా గుడిలో ఇప్పటికీ కోత పండుగ జరుగుతుంది. జొన్న చేలు పోయి పత్తి, మిర్చి వచ్చాయి, వేలానికి ప్యాకెట్ నూనె, బిస్కెట్లు వస్తాయి, అందరి చేతుల్లోనూ ఫోన్లు లేచే ఉంటాయి. అక్కడ ఒక ఫోటోను వేలం వేస్తామంటే పిల్లలు నవ్వుతారు. రాయచోటి కొండలు వెనక్కి పోతుంటే నేను లెక్క సరిచూసుకున్నాను. నాయన పోయాడు, అమ్మ పోయింది. ఆ నవ్వు నాదేనని సుగుణ కూడా ఒప్పుకుంది. కానీ నవ్వు కోసం నేనెప్పుడు ఏడ్చాను? నాకు కావలసింది ఆ సంక.