చెంప మీద లేని పగులు

గా ఫోను పక్కకు పెట్టి సక్కగ కూసో. చెప్పింది చెప్పినట్టే రాయి, నడుమ నవ్వకు.

మీ అమ్మ గప్పుడు నిజామాబాద్‌ల కంప్యూటర్ ఇంజనీరింగ్ ఆఖరి ఏడు సదువుతుండె. బోధన్ దిక్కు చెరుకు ట్రాక్టర్ మీదికెళ్లి మీ తాత కిందపడ్డడు, దవడ ఇరిగింది. స్కానింగ్ తీసిండ్రు. ఆపరేషన్ చేసి ప్లేటు ఎయ్యాలె, లేకుంటే దవడ వంకర అతుకుతది, జిందగీ అంత జావే అన్నడు డాక్టర్. మీ తాతకు కత్తంటే భయం. ఆపరేషన్ కాయితం మీద దస్కత్ పెట్టనన్నడు.

"బాపు, నీ దవడ నీకే సూపిస్త, గప్పుడు చెప్పు" అన్నది మీ అమ్మ. కాలేజిల ఆమె చేస్తున్న పనే గది. స్కానింగ్‌ల తలకాయ బ్రెడ్డు ముక్కల లెక్క పొరలు పొరలుగ వస్తదట. గా పొరలన్ని పేర్చి, డబ్బాలు డబ్బాలు చేసి, ఎముక అంచు ఏ డబ్బాల నడుమ నుంచి పోతుందో సూసి, పైన తోలు కప్పినట్టు బొమ్మ గీయాలె. స్కానింగ్ సీడీ ఇంటికి తెచ్చింది గని, మా ఇంట్ల కంప్యూటర్ ముసలిది. అన్ని సన్న డబ్బాలు చేస్తే పొద్దంత గుర్రుమనుకుంట కూసుంటది. అందుకని నొసలు దిక్కు పెద్దయి, దవడ దిక్కు సన్నయి పెట్టింది. ఉత్త గాలి ఉన్నయి సూడనే సూడలే. చాయ్ తాగేలోపు బొమ్మ వచ్చింది.

మీ తాత సూసిండు. దవడ కాడ ఒక పగులు, చెంప మీద ఇంకొకటి.

"రెండు జాగల ఇరిగిందా? ఇగ నన్ను కోసినా ఫాయిదా లేదు" అని నోరు తెరవకుంటనే గొణిగి, పోయి పండుకున్నడు. మీ అమ్మ మొకం తెల్లవోయింది.

నాకు మాత్రం అనుమానమొచ్చింది. "బిడ్డా, గీ రెండోది స్కేలు పెట్టి గీసినట్టున్నది. చెరుకు ఇరిస్తెనే గింత సాఫ్‌గ ఇరగదు, ఎముక ఇరుగుతదా?" అన్న.

మీ అమ్మ దగ్గరకు జరిగి సూసింది. పెద్ద డబ్బాలు అయిపోయి సన్నయి మొదలయ్యే కాడనే ఉన్నది గా పగులు. పెద్ద డబ్బాల అంచు ఒక్క గీతతోని సీదా పోతది, పక్కన సన్నయి రెండు గీతలై వంగుతయి. నడుమ సందు పడ్డది.

"అవ్వా, గిది బాపుది కాదు, నాది" అని నవ్వింది. సన్న డబ్బాల అంచు మీది చుక్కలను జరిపి పెద్ద గీత మీద కూసోబెట్టింది. సందు మూసుకున్నది.

మల్ల పిలిచినం. మీ తాత అద్దాలు పెట్టుకొని, బొమ్మను అటు తిప్పిచ్చి ఇటు తిప్పిచ్చి సూసిండు.

"మరి గీ కిందిది?"

"అది నీదే బాపు. అది నాతోని కాదు, డాక్టరే చెయ్యాలె."

"ఒక్కటే కద, సరె" అన్నడు. తెల్లారి పోయి దస్కత్ పెట్టిండు.

ప్లేటు ఏసినంక నెలరోజులు జావ తాపిన. డాక్టర్ ఇగ నమలమన్న దినం, పప్పు మెత్తగ ఉడకబెట్టి ముందల పెడితే, దాన్ని పక్కకు జరిపి... ఆఁ, వస్తున్నమయ్యా. మీ తాతనే. బుక్క నోట్లె పెట్టుకొనే పిలుస్తుండు, అన్నం సల్లారుతుందట. లే బిడ్డా, లే, లేకుంటే కోడికూర మొత్తం ఆయనే నమిలేస్తడు.