ఫెలిక్స్ మాస్టారి బొటనవేలు

ఫెలిక్స్ మాస్టారు చోడవరంలో ముప్పై మూడేళ్ళు పిల్లల చేత డ్రిల్లు చేయించారు. ఆ ముప్పై మూడేళ్ళలో ఆయన స్వయంగా పరుగెత్తగా చూసినవాళ్ళు లేరు. ఈల నోట్లో పెట్టుకుని, ఎడమచెయ్యి నడుం మీద వేసుకుని, ఎవరు ఎలా పరుగెత్తాలో చెప్పేవారు. చెప్పడంలో ఆయనకు సాటి లేదు. రిటైరయ్యాక చెప్పించుకునేవాళ్ళు కరువై, భార్య వరమ్మకు కుక్కరు మూత ఎలా పెట్టాలో చెప్పడం మొదలుపెట్టారు. వరమ్మ రెండు నెలలు ఓర్చుకుంది. మూడో నెలలో, అనకాపల్లిలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న కూతురు ఆశ్రితకు ఫోన్ చేసి, "మీ డాడీని ఇంట్లోంచి కదిపే పని ఏదైనా సూడమ్మా, నీకు పుణ్యముంటాది" అంది.

ఆశ్రిత ఆన్‌లైన్‌లో చేపలు పట్టే రాడ్డు, దానికో రీలు తెప్పించింది. తెలిసి కొన్నదో తెలియక కొన్నదో గాని, అది బెయిట్‌కాస్టింగ్ రీలు. విసిరినప్పుడు దారం చుట్టిన చక్రం తనంతట తనే గిర్రున తిరిగి దారాన్ని వదులుతుంది. దారం చివర ఎరగా కట్టిన ప్లాస్టిక్ చేప నీళ్ళలో పడి ఆగిపోయినా చక్రం ఆగలేదంటే, వదిలిన దారం వెళ్ళే దారి లేక రీలులోనే పొంగి చిక్కుపడుతుంది. ఆ గొడవ రాకుండా పక్కన ఒక బ్రేకు ఉంటుంది, సున్నా నుంచి పది దాకా అంకెలతో. పదిలో పెడితే చక్రం బరువుగా తిరిగి ఎర దగ్గర్లోనే పడుతుంది. సున్నాలో పెడితే పట్టేమీ ఉండదు, బొటనవేలితో నొక్కి సమయానికి ఆపుకోవాలి.

మాస్టారు ఫోన్లో మూడు వీడియోలు చూశారు. మూడింట్లోనూ ఆరితేరినవాళ్ళు బొటనవేలి గొప్పతనమే చెప్పారు. నాలుగోది చూడాల్సిన అవసరం ఆయనకు కనబడలేదు.

"బ్రేకనేది పిరికోళ్ళకోసం పెట్టేరు సత్యారావూ. మనకి బొటనేలుంది" అని, దాన్ని సున్నాలో పెట్టి, కోనాం రిజర్వాయరు గట్టు మీద నిలబడి మొదటిసారి విసిరారు.

సత్యారావు ఆయనకు పాత స్నేహితుడు. సైకిల్ షాపు మూసేశాక వెదురు గాలం పట్టుకుని రోజూ గట్టు మీదే ఉంటాడు. విసిరిన చేప ఎక్కడ పడిందా అని అతను నీళ్ళకేసి చూస్తున్నాడు. అది మాస్టారి కాళ్ళకు నాలుగడుగుల దూరంలో పడి ఉంది. రీలులో మాత్రం దారం ఉడికిన సేమ్యాలా పొంగి బయటికొచ్చింది.

"మేస్టారూ, ఇది సేపలు పట్టడానికా, దారం ఒడకడానికా?" అన్నాడు సత్యారావు, తన గాలానికి పడిన జిలేబీ చేపను సంచిలో వేసుకుంటూ.

మాస్టారు గాలిని తప్పుపట్టారు. తరవాత దారాన్ని, ఆ తరవాత రాడ్డునూ తప్పుపట్టారు. ఇంటికొచ్చి రీలు వరమ్మ ఒళ్ళో పెట్టారు. ఆవిడ చర్చి బల్లకు కప్పే గుడ్డలకు లేసు అల్లుతుంది, చిక్కులు విప్పడం ఆవిడకు కొత్త కాదు. క్రోషియా సూదితో ఒక్కొక్క ఉచ్చూ పైకెత్తి, గంటన్నరలో దారమంతా విప్పి మళ్ళీ చుట్టింది. ఆ గంటన్నరా మాస్టారు పక్కన కుర్చీ వేసుకుని, ఎలా విప్పాలో చెప్పారు.

మొదటి నెలలో ఇది తొమ్మిదిసార్లు జరిగింది. తొమ్మిదోసారి విప్పాక వరమ్మ రీలును తిప్పి తిప్పి చూసింది. మర్నాడు మాస్టారు పెన్షన్ కాగితాల పనిమీద వెళ్ళగానే, ప్లాస్టిక్ చేపకున్న కొక్కేలు ఊడదీసి, రాడ్డు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. రెండో పక్కనున్న చిన్న మరను కొద్దికొద్దిగా బిగించింది. రాడ్డు అడ్డంగా పట్టుకుని చక్రాన్ని వదిలే మీట నొక్కితే చేప మెల్లగా కిందికి దిగాలి, అది నేలకు తగలగానే చక్రం ఆగాలి. ఆ మేరకు బిగించి ఆపింది. తరవాత బ్రేకు పదిలో పెట్టి విసిరింది. బట్టలుతికే రాయిదాకా కూడా వెళ్ళలేదు. తొమ్మిదిలో రాయిని తాకింది. ఏడులో మునగచెట్టు దాటింది, దారం చిక్కుపడలేదు. ఆరులో కాస్త పొంగింది. మళ్ళీ ఏడుకు తిప్పి, కొక్కేలు తగిలించి, రాడ్డు యథాస్థానంలో పెట్టి, పప్పు పొయ్యి మీద పడేసింది.

మాస్టారికి ఈ మార్పు కంటపడలేదు. కళ్ళద్దాలు పేపరు చదవడానికేనని ఆయన నియమం, గట్టు మీదకు తీసుకెళ్ళేవారు కారు. చేప మాత్రం ఆవేళ నీటి మధ్యకు పోయి పడింది. ఆయన తన బొటనవేలిని ఎండలో ఎత్తి చూసుకున్నారు.

"వచ్చేసింది సత్యారావూ, ఏలికి బుద్ధి వచ్చేసింది" అన్నారు.

ఆ తరవాత నాలుగు నెలలు ఆయన జీవితంలో అంత సుఖమైన రోజులు లేవు. చేపలు పెద్దగా పడలేదు, మూడే మూడు కొర్రమీనులు. అయితేనేం, చెప్పడానికి విషయం దొరికింది. బుచ్చయ్యపేట నుంచి ఆయన పాత శిష్యుడు ఉమామహేష్, అలాంటి రీళ్ళే కొని చిక్కుల్లో పడ్డ అయిదుగురు స్నేహితులతో, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన్ని కోనాం తీసుకెళ్ళాడు. మాస్టారు జేబులో ఈల కూడా వేసుకెళ్ళారు.

"అందరూ బ్రేకు సున్నాలో పెట్టండి. వేలి మీద నమ్మకముంచండి" అని ఈల వేశారు. ఆరుగురూ విసిరారు. ఆరు రీళ్ళూ పొంగాయి. మాస్టారు తృప్తిగా తల ఊపి, తన రాడ్డు అందుకుని, అవలీలగా నీటి మధ్యకు విసిరి చూపించారు.

"సూసేరా? దీనికి సాధన కావాల."

ఉమామహేష్ భక్తిగా ఆ రీలును చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని నసిగాడు. "సార్... మీది ఏడులో ఉంది."

"ఏటి ఏడు?"

"బ్రేకు సార్."

మాస్టారు ఎవరివో కళ్ళద్దాలు అడిగి పెట్టుకుని చూశారు. అంకె ఏడే. "సంచిలో తిరిగిపోయుంటాది" అని, అందరూ చూస్తుండగా సున్నాకు తిప్పి విసిరారు. ఆ తరవాత గట్టు మీద ఏడు సేమ్యా ముద్దలున్నాయి. గురువుగారిది కాస్త పెద్దది.

ఇంటికొచ్చి రీలు వరమ్మ ముందు పెట్టారు.

"బ్రేకు నువ్వే తిప్పేవేటి?"

"నాలుగు నెల్లయింది" అంది వరమ్మ, లేసు మీంచి తలెత్తకుండా.

"నాకు సెప్పొచ్చు కదే!"

"సెప్తే ఇనీవోరేటి? బ్రేకు ఎలా తిప్పాలో నాకే సెప్పీవోరు." లేసులో ఇంకో ముడి వేసి, "మీరు సంతోషంగా వస్తన్నారని ఊరుకున్నాను" అంది.

ఆయన క్రోషియా సూది అడిగి తీసుకుని, ఆ రోజు చిక్కు తానే విప్పడానికి కూర్చున్నారు. సాయంత్రానికి సగం విప్పారు, రెండుచోట్ల తెంపారు. వరమ్మ పక్కనే కూర్చుంది, ఎలా విప్పాలో ఒక్క మాట కూడా చెప్పలేదు. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో తానెప్పుడూ అలా ఊరుకోలేదని ఆయనకు తోచింది. ఆ ఆలోచన ఆయనకేమీ నచ్చలేదు.

ఇప్పుడు కూడా బుచ్చయ్యపేట కుర్రాళ్ళు వస్తూంటారు. మాస్టారు మాట మార్చేశారు. "అనుభవం ఉన్నోడే బ్రేకు వాడతాడు. వాడనోడు మూర్ఖుడు" అని చెబుతారు. రీళ్ళు మాత్రం లోపలికి పంపిస్తారు. వరమ్మ ఎర బరువు చూసి మర బిగించి, అంకె పెట్టి పంపిస్తుంది. కుర్రాళ్ళు ఆయనకు దండం పెట్టి వెళ్తారు.

మొన్న మంగళవారం ఆయన బయల్దేరుతూ గుమ్మంలో ఆగారు.

"వరమ్మా, ఎంత పెట్టమంటావు?"

"గాలుందా?"

"ఎదురుగాలి."

"ఎనిమిది పెట్టండి."

మాస్టారు ఆవిడ కళ్ళెదుటే ఎనిమిదికి తిప్పారు. వీధి మలుపు తిరిగాక స్కూటరాపి, అటూ ఇటూ చూసి, ఏడుకు తగ్గించారు. కోనాంలో రెండో విసురుకే దారం పొంగింది. పెద్ద చిక్కు కాదు. మాస్టారు రాతి మీద కూర్చుని, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, దాన్ని నెమ్మదిగా విప్పుకోసాగారు. సత్యారావు పలకరిస్తే, గాలి తగ్గేదాకా ఆగుతున్నానన్నారు.