తెల్లగా మిగిలిన చోట

నా కొడుకు పోయి ఇరవై రెండు రోజులైంది. కామెర్లు ముదిరి పోయాడు. ఈ పత్రిక చదివే మీలో చాలామందికి వాడి ముఖం తెలియదు, వాడి చేతిపని మాత్రం తెలుసు. మీరు చదివే ప్రతి పేజీలో సీసపు అక్షరాలు పేర్చింది వాడే. చివరి పేజీలో చనిపోయినవాళ్ళ గురించి వేసే నల్లగీతల గడి కట్టిందీ వాడే. ఈ నెల ఆ గడిలో వాడి గురించే రాయమని ప్రెస్సు సాయిబు అడిగాడు. నేను మూడో తరగతి వరకే చదివాను. తప్పులు దిద్దడానికి ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు.

నాకు వాడొక్కడే. ఎమ్మిగనూరులో మా ఆయన మగ్గం నేసేవాడు. ఆయన పోయాక పిల్లవాణ్ణి తీసుకుని ఆదోనికి వచ్చి పత్తి మిల్లులో పనికి కుదిరాను. వాడు పెద్దయ్యాక ప్రెస్సులో చేరాడు.

పెళ్ళిపత్రికకు ఒక గడి, సినిమా కరపత్రానికి ఒక గడి, చావు వార్తకు ఒక గడి కట్టి ఉంచేవాడు. లోపలి పేర్లు మారేవి గానీ గడి మారేది కాదు. అంచులు పొట్టి సీసపు ముక్కలతో కట్టేవాడు. మాటలు ఎక్కువైతే నాలుగు ముక్కలు చేర్చి గడిని సాగదీసేవాడు. ఇంట్లోనూ అదే బుద్ధి. కంచంలో రొట్టెకూ పప్పుకూ మధ్య వేలెడు ఎడం లేకపోతే తినేవాడు కాదు. గోడమీద పోస్టరు చూస్తే, "అక్షరాలకు ఊపిరాడల్యా" అని నిలబడిపోయేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం రొట్టెలు తీసుకుని ప్రెస్సుకు పోయాను. బల్ల కింద గంపలో చిన్నచిన్న చెక్కముక్కలు కనిపించాయి. పనికిరానివి అనుకుని కొంగులో మూటగట్టుకుని వచ్చి పొయ్యిలో పెట్టాను. మర్నాడు వాడు ఇంటికొచ్చి అడిగాడు.

"అమ్మా, ఆడ గంపలో చెక్కలుండె, చూసినావా?"

"పొయ్యిలో పెట్టినా. బాగా మండినాయి."

వాడు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చెక్కలు అక్షరాల మధ్య ఖాళీలో పెట్టేవట. అవి లేక కాగితాలు మడిచి దూర్చి, అక్షరాలు బిగించిన ఇనప చట్రం ఎత్తితే, పేజీ మొత్తం నేలమీద రాలిపోయిందట. పొద్దుగూకేదాకా ఏరుకున్నాడట.

"ఖాళీ అంటే ఏమీ లేకపోవడం గాదమ్మా. దాంట్లో గూడా గట్టిది ఒకటి ఉండల్ల. లేకుంటే చుట్టూ ఉండేటివి నిలబడవు" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. సాయిబు మాత్రం వదల్లేదు. నేను కనబడినప్పుడల్లా, "మీ యమ్మ నా పేజీతో రొట్టెలు కాల్చిందప్పా" అనేవాడు.

ఆ ఆదివారం వాడు అటకమీదున్న వాళ్ళ నాయన మగ్గపు పలకను దించాడు. నన్నడిగే కోశాడు. వాకిట్లో కూర్చుని ఒక్కో ముక్కనూ కొలిచి నున్నగా చేశాడు. ఆ ముక్కలే ఇన్నేళ్ళూ మీ పేజీలను నిలబెట్టాయి.

వాడు పోయాక వాడి మంచం తీసి బయట పెట్టాను. ఒక్కగది ఇల్లు ఎంత పెద్దదైందో చెప్పలేను. సాయంత్రానికి మళ్ళీ లోపలికి తెచ్చి అదే చోట వేసుకున్నాను. వాడు చేసింది ఒక్కటైనా ఇంట్లో ఉంటే బాగుండుననిపించింది. ఎంత వెదికినా దొరకలేదు.

మొన్న ప్రెస్సుకు పోయాను. బల్లమీద ఈ నెల గడి కట్టి ఉంది. చుట్టూ నల్ల అంచు, కింద వాడి పేరు, నా మాటలు రావలసిన చోటంతా చెక్కలు.

"అన్నా, ఒక్క చెక్క ఇయ్యి. వాని చేతిది ఇంట్లో పెట్టుకుంటా."

"తీస్కోమ్మా. దాందేముంది, నేను ఇంకోటి కోయిచ్చుకుంటా" అని చట్రం వదులు చేశాడు.

వాడి పేరు పైనున్న ముక్క తీశాను. ఒకవైపు నా కొడుకు కోసిన కోత, ఇంకోవైపు మా ఆయన చేయి ఆడి ఆడి వచ్చిన నునుపు. అరచేతిలో ఇట్టే ఇమిడింది. అంతలో వాడి పేరు ఒరిగింది. మొదటి అక్షరం పడబోతుంటే సాయిబు గబుక్కున వేలు అడ్డం పెట్టాడు.

ముక్కను కొంగుతో తుడిచి, నా చేత్తోనే ఉన్నచోట పెట్టేశాను.

"ఒద్దన్నా. ఆడనే ఉండనీ."

సాయిబు చట్రం బిగించి నిలువునా ఎత్తి చూపించాడు. ఒక్క అక్షరం కదల్లేదు.

"నేను ఎక్కువ రాస్తే పడుతుందా?" అని అడిగాను.

"నువ్వు రాయమ్మా. వాడు కట్టింది సాగుతాది" అన్నాడు.

అందుకే ఇంత రాశాను. నా మాటలు అయిపోయాక, వాడి పేరుకు పైన కొంచెం చోటు తెల్లగా కనిపిస్తుంది. ఆ చెక్క అక్షరాలకన్నా పొట్టిది. సిరా దానికి అంటదు, అది కాగితాన్ని తాకదు. పత్రిక రాగానే నేను అక్కడ వేలు పెట్టి చూసుకుంటాను.