ఏటేటా పెరిగిన జ్వరం

మా వాడికి మూడు నెలలప్పుడు జ్వరం వచ్చింది. ఇప్పుడు తొమ్మిదేళ్ళు నిండాయి. ఈ మధ్యలో ఆ జ్వరం వాడికంటే వేగంగా పెరిగింది. పెంచింది నేనే.

మా ఇళ్ళల్లో పుట్టినరోజంటే కేకు కన్నా ముందు ప్రార్థన కూడిక. చర్చి సంఘం వాళ్ళొస్తారు, పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతారు. బిడ్డను ఇంతవరకు కాపాడినందుకు కన్నవాళ్ళలో ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్పాలి. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. మా ఆవిడ లేచేలోపే గొంతు సవరించుకుంటాను.

మొదటి పుట్టినరోజుకి జ్వరం నూట ఒకటే. రెండో ఏటికి నూట మూడయింది. తాడేపల్లిగూడెంలో డాక్టర్లే లేనట్టు, అక్కడి మా అత్తారింటి నుంచి ఏలూరుకి అద్దె కారులో పరుగెత్తాం. ఒక ఏడాది ఆ ప్రయాణానికి వాన కలిపాను. అందరూ "స్తోత్రం" అనేసరికి ఊపొచ్చి, మరుసటి ఏడు భీమడోలు దగ్గర కారు చెడగొట్టాను. ఆరో ఏటికి డాక్టరు గారు చేతులెత్తేశారు. నిజానికి ఆయన సిరప్పు రాసి, తడిగుడ్డతో తుడవమని చెప్పి, మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపేశారు. దారంతా వాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న మా ఆవిడ నా సాక్ష్యంలో ఎక్కడా ఉండదు.

నేను రోజూ కైకలూరు వెళ్ళి చేపల మేత కొట్లో పని చేస్తాను. చెరువు రైతులు తమ బొచ్చెచేపల బరువు గురించి కోసే కోతలు వినీ వినీ ఆ గాలి సోకిందని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. వాళ్ళయినా ఏదో ఒకనాడు చేపను కాటాలో పెట్టక తప్పదు. నాకా బాధ కూడా లేదు.

ఈ ఏడు కూడికకు ముందు రోజు సాయంత్రం వాడు నా దగ్గరకొచ్చాడు.

"డాడీ, రేపు జ్వరం గురించి చెప్పొద్దు, ప్లీజ్."

"అదేంట్రా? దేవుడు చేసిన మేలు చెప్పుకోకూడదా?"

"మాస్టారు నన్ను కబడ్డీలోకి తీసుకోవట్లేదు. చిన్నప్పుడు చచ్చి బతికావు, నీకెందుకు బాబూ, కూర్చుని పాయింట్లు రాయి అంటున్నారు."

వాళ్ళ స్కూలు ఆటల మాస్టారు మా సంఘస్థుడే. ఏటా ముందు వరుసలో కూర్చుని నా సాక్ష్యానికి కళ్ళు తుడుచుకునేది ఆయనే. సరేనన్నాను.

మర్నాడు వట్లూరులో మా ఇంటి ముందు షామియానా వేశాం. వాక్యం అయ్యాక అయ్యగారు నా వైపు చూశారు. లేచాను.

"వీడికి మూడు నెలలప్పుడండీ..."

పాడు నాలుక, అలవాటు పడిపోయింది. మాస్టారు అప్పుడే జేబురుమాలు తీశారు. మా వాడు తల దించుకున్నాడు. వాడి ముఖంలో కోపం కూడా లేదు. డాడీ ఇంతే అని ఊరుకున్న ముఖం. అది చూడలేకపోయాను.

ఆగిపోయాను. తొమ్మిదేళ్ళ కొడుకు గురించి చెప్పడానికి నా దగ్గర ఆ జ్వరం తప్ప ఏమీ లేకపోయింది. ఆ జ్వరంలోనూ వాడికంటే నేనే ఎక్కువ ఉన్నాను. సిగ్గేసింది.

"మూడు నెలలప్పుడు జ్వరం వచ్చిందండీ. నూట ఒకటండీ. వాన లేదండీ. కారు బాగానే నడిచిందండీ. డాక్టరు గారు మందు రాసి పంపేశారండీ. మిగతాదంతా నేను కల్పించానండీ."

ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు బైబిలు మూసి, మళ్ళీ తెరిచారు. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపుక్కాదని నాకు తెలుసు.

"మొన్న వీడు బంతి కొట్టి ఎదురింటాయన స్కూటర్ అద్దం పగలగొట్టాడండీ. ఎవరూ చూళ్ళేదు. తనే వెళ్ళి చెప్పొచ్చాడు. ఎందుకు చెప్పావురా, పిల్లి పడేసిందనుకునేవాళ్ళుగా అని నేనే తిట్టాను. నాలాంటివాడికి ఇలాంటి బిడ్డనిచ్చినందుకు స్తోత్రమండీ. వీడికి ఏ జబ్బూ లేదండీ మాస్టారూ."

చెప్పి కూర్చున్నాను.

బిర్యానీ దగ్గర మాస్టారు నాతో మాట్లాడలేదు. ఎనిమిదేళ్ళు ఊరికే ఏడిపించానుగా, ఆయన కోపం న్యాయమే. మా వాడితో మాత్రం, "సోమవారం నిక్కరేసుకుని గ్రౌండుకి రా" అన్నారు.

అందరూ వెళ్ళాక కుర్చీలు పేరుస్తుంటే వాడొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"డాడీ, కారులో ఏలూరు దాకా నువ్వు ఏడుస్తూనే ఉన్నావంట. అమ్మ చెప్పింది. అదీ కల్పించిందేనా?"

ఇన్ని సాక్ష్యాల్లో ఒక్కసారి కూడా నేను బయటపెట్టని ముక్క అది.

"కాదురా. అది నిజం."

"నూట ఒకటికేనా?"

"నూట ఒకటికే."