డప్పు ప్లీడరు గారి దస్తావేజు

ఆ రోజుల్లో మా చోడవరంలో గుట్టుగా చెయ్యడానికి వీలుకాని పనులు రెండుండేవి. ఒకటి చేపల పులుసు వండుకోవడం, రెండోది ఇల్లు కొనుక్కోవడం. మొదటిదాన్ని వాసన బయటపెట్టేది. రెండోదాన్ని మా ప్లీడరు గారు డప్పు కొట్టించి మరీ బయటపెట్టేవారు. ఆ డప్పు ఒకసారి నా పేరు మీద మోగింది. అప్పుడు సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకున్నాను గానీ, ఇప్పుడు తలుచుకుంటే అంత గొప్పగా నా పేరు మళ్ళీ ఎక్కడా మోగలేదనిపిస్తుంది.

తొంభైల మొదట్లో సంగతి. నాకు విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం కొత్తగా వచ్చింది. వారం వారం బస్సెక్కి ఇంటికొచ్చేవాణ్ణి. ప్యాంటు జేబులో దువ్వెన, చొక్కా జేబులో రెండు పెన్నులు (ఒకటి రాసేది, ఒకటి కనబడేది), నోరు తెరిస్తే ‘మా వైజాగులో అయితేనా’ అన్న మాట. చోడవరంలో నాకు నచ్చే వస్తువు ఒక్కటీ ఉండేది కాదు, మా అమ్మ రుబ్బిన పిండితో వేసే గారెలు తప్ప. ఆ గారెలకి కూడా గండం వచ్చిపడింది. మేం అద్దెకున్న ఇంటావిడకి రుబ్బురోలు చప్పుడు పడేది కాదు. అమ్మ మినప్పప్పు నానబోస్తే చాలు, గోడలు బీటలు వారిపోతాయని ఆవిడ గుమ్మంలోకొచ్చి నిలబడేది. అమ్మ దొంగతనం చేస్తున్నట్టు పొత్రాన్ని మెల్లగా తిప్పుకునేది. చివరికి ఒకరోజు ఇంటావిడ శ్రావణానికల్లా ఇల్లు ఖాళీ చెయ్యమంది. పెళ్ళయినప్పట్నుంచీ అద్దెకొంపలన్నిటికీ ఆ రోలుని మోసుకు తిరిగిన మా అమ్మ, “ఈసారి ఈ రోలు సొంత ఇంట్లోనే దిగాల” అని తేల్చి చెప్పేసింది. నాన్న చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర పనిచేసేవారు. బళ్ళు తూచీ తూచీ మాటలు కూడా తూచే మాట్లాడేవారు. ఆయన తలూపారు. మా ఇంట్లో అది ప్రభుత్వ ఉత్తర్వు కిందే లెక్క.

ఇల్లు దొరికింది. రెండు వీధుల అవతల, వెనక పెరడూ నుయ్యీ ఉన్న పెంకుటిల్లు. అమ్మేది రోలుగుంటలో చెరుకు వ్యవసాయం చేసే ఒకాయన. ఇల్లు వాళ్ళ నాన్న కట్టించింది. ఆ పెద్దాయనా ఆయన భార్యా పోయాక ఇంటిని చూసుకోడానికి తిరగలేక అమ్మేద్దామనుకున్నాడు. అన్నదమ్ములెంతమందని నాన్న అడిగితే, “నానొక్కడ్నే బావు. ముందూ ఎనకా ఎవులూ నేరు” అన్నాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆయనకి ఒక్కడుబాబు అని పేరు పెట్టుకున్నాం.

ఇక్కడ నేను రంగంలోకి దిగాను. మా ఆఫీసులో సూపరింటెండెంటు గారి బావమరిది విశాఖలో లాయరు. చల్లటి గది, తిరిగే కుర్చీ. కాగితాల నకళ్ళు తీసుకెళ్ళి చూపిస్తే తిరగేసి, “ఈసీ క్లీనుగా ఉంది, పాత దస్తావేజులన్నీ ఉన్నాయి, వారసుడొక్కడే అంటున్నావు. ఇంకేం, ఈ శుక్రవారమే రిజిస్ట్రేషన్ పెట్టేసుకోండి” అన్నాడు. నేను ఇల్లు గెలుచుకొచ్చినవాడిలా బస్సు దిగి ఆ మాట అమ్మకి చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవను కూడా లేవలేదు.

“ఒరే బాబూ, ఇల్లు ఏ ఊర్లో ఉంటే ఆ ఊరి ప్లీడరే సూడాల. పట్నం లాయరుకి మన గోడేటి తెలుస్తాది, మన గొడవేటి తెలుస్తాది?”

“గొడవేముందమ్మా ఇందులో?”

“గొడవ లేని ఇల్లు ఎక్కడైనా సూసేవా? మన డప్పు ప్లీడరు గారి కాడికెల్దాం.”

ఆ పేరు వినగానే నాకు నీరసం వచ్చింది. ఆయన బజారు వెనక వీధిలో, అరుగు మీదే ఆఫీసు పెట్టుకున్న పెద్దమనిషి. నల్లకోటు మేకుకి వేలాడుతుండేది. ఊరంతా ఆయన్ని డప్పు ప్లీడరనే పిలిచేది, ఎందుకంటే డప్పు వేయించకుండా ఆయన ఏ క్రయ దస్తావేజూ రాసేవారు కాదు. అమ్మతో కలిసి ఆ అరుగెక్కగానే, పట్నం లాయర్లు పేపర్లో ప్రకటన వేయిస్తారు కదండీ అని నేను ఇంగ్లీషు మాటలు నాలుగు కలిపి అడిగాను. ఆయన నా జేబులోని రెండు పెన్నులూ చూసి నవ్వారు.

“చూడు బాబూ, పేపరు చదివేవాడికి అభ్యంతరాలుండవు. అభ్యంతరాలున్నవాళ్ళు సంతకెళ్తారు. ఈ ఇల్లమ్మేవాడి చుట్టాలు ఎక్కువ ఎటేపున్నారేటి?”

దేవరాపల్లి, వడ్డాది వైపని అమ్మ చెప్పింది. (అమ్మకెలా తెలుసని అడక్కండి. మా అమ్మకి కలెక్టరు గారి చుట్టాలెక్కడున్నారో కూడా తెలుసు.) “అయితే చోడవరంలో ఒక డప్పు, వడ్డాది సంతలో ఒక డప్పు. ఆదివారం దాకా ఎవరొచ్చినా వింటాను. ఆ తర్వాతే రాత” అన్నారు ప్లీడరు గారు.

శనివారం ఉదయం నేను మంగలి షాపులో గడ్డం గీయించుకుంటుంటే డప్పు వినబడింది. డప్పు తాత అలా నడుస్తూ వచ్చి సరిగ్గా షాపు ముందు ఆగాడు. “ఇందుమూలంగా యావన్మంది పెజలకీ తెలియజేయడమేటంటే” అంటూ మొదలుపెట్టి, అక్కణ్ణించి సొంత ధోరణిలో పడ్డాడు. “కాటా గుమస్తా గోరు ఇల్లు కొంటన్నారు. ఆరి అబ్బాయి వైజాగులో ఉజ్జోగం సేస్తన్నాడు. ఈ ఇంటి మీద ఎవులికైనా పేచీ ఉంటే ఆదివారం లోపల ప్లీడరు గోరి అరుగు కాడికి రండి. ఆనకొచ్చి అంటే కుదరదు.” నేను ఒక బుగ్గ మీద నురగతో బెంచీ కిందికి జారిపోయాను. నా దురదృష్టం, ఆ బెంచీకి ముందువైపు అడ్డేమీ లేదు. తాత వంగి చూసి, డప్పు కర్రతో నా వైపు చూపించి, “ఇదిగో, ఈ గుంటడే” అన్నాడు. ఆ వీధిలోనే టైపు నేర్చుకోడానికి వెళ్ళే ఆడపిల్లలు (వాళ్ళ కోసమే నా రెండో పెన్ను) ఆగి మరీ చూసి వెళ్ళారు.

ఆదివారం ఉదయం నుంచీ అరుగు మీద జాతర. ప్లీడరు గారు పడక్కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ మజ్జిగ ఇప్పించి వింటున్నారు. ఒకాయన తన మేకని ఎన్నో ఏళ్ళుగా ఆ పెరట్లోనే కట్టుకుంటున్నాడట, మేక ఎక్కడికి పోవాలని అడిగాడు. పక్కింటి ముసలమ్మ మునగచెట్టు కొమ్మ తన వైపుంది కాబట్టి కాయలు తనవేనని ఇప్పుడే తేల్చమంది. ఇంకొకాయన తను పుట్టింది ఆ ఇంట్లోనే అన్నాడు. పుట్టడం నిజమే, అద్దెకున్నవాళ్ళ పిల్లాడు. “మరి నీకేం కావాలి?” అని ప్లీడరు గారడిగితే, “ఏటీ వద్దండి, సెప్పాలి గదా అని సెప్పేను” అని మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఒక్కడుబాబు గోడకి చేరగిలబడి కునుకు తీస్తున్నాడు. పొద్దు వాలింది. నేను అమ్మ వైపు తిరిగి, “చూశావా, దీనికోసమా ఇంత హడావిడి” అనేశాను. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే, సంత గంప నెత్తిన పెట్టుకున్న ఒక పెద్దావిడ వీధి మలుపు తిరిగి వచ్చింది. చెప్పులు విడిచిన తీరులోనే కోపం తెలిసిపోయింది.

“ప్లీడరు బాబూ, మా నాయన ఇల్లు అమ్మీస్తన్నారని వడ్డాది సంతలో డప్పేయించింది మీరేనా?”

గోడ దగ్గర ఒక్కడుబాబు కళ్ళు తెరిచాడు, ఆవిణ్ణి చూశాడు, మళ్ళీ మూసుకున్నాడు. అంటే ముందూ వెనకా ఎవరూ లేని ఆయనకి ముందు ఒక అక్క, మా వైపు మాటలో అప్ప, ఉందన్నమాట. దేవరాపల్లిలో ఇచ్చారు. ఆవిడ కూతురి పెళ్ళిలో మేనమామగా పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టిన గంప పట్టాల్సింది ఈయన, ముహూర్తానికి అందుకోకపోతే ఆవిడ వేరెవరిచేతో పట్టించేసిందట. అప్పట్నుంచీ మాటల్లేవు.

ప్లీడరు గారు తాపీగా, “ఏటయ్యా, ఈ అమ్మ సంగతి చెప్పలేదే?” అన్నారు.

ఒక్కడుబాబు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “అన్నదమ్ములెందరని అడిగేరు. నానొక్కడ్నే అన్నాను. అప్ప ఆడపిల్ల గదండి, లెక్కలోకొస్తాదని నాకేటి తెల్సు?”

“సిన్నప్పుడు నూతిలో పడితే సీర కొంగిచ్చి పైకి నాగింది ఎవులురా? అప్పుడు లెక్కలో ఉన్నానేటి?” అందావిడ.

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. నేనైతే నవ్వే స్థితిలోనే లేను. తండ్రి కట్టించిన ఇంట్లో కూతురికీ సమాన హక్కుంటుందనీ, ఈవిడ సంతకం లేకుండా కొనివుంటే రేపు ఇంటి బదులు కోర్టు గుమ్మాలు తొక్కాల్సివచ్చేదనీ ప్లీడరు గారు నాన్నకి చెబుతుంటే, శుక్రవారమే పెట్టేసుకోండన్న మాట నా చెవిలో గింగిర్లు తిరుగుతోంది. కోర్టు వరండాలో రుబ్బురోలు పక్కన కూర్చున్న అమ్మ కళ్ళ ముందు కనబడింది. ఆ పెద్దావిడేమో, “నాను సంతకం ఎట్టను. మా నాయన ఇల్లు అమ్మనివ్వను” అని గంప ఎత్తుకోబోయింది. శ్రావణం ఎంతో దూరంలో లేదు. నాన్న నా వైపు చూశారు, నేను ప్లీడరు గారి వైపు చూశాను, ఆయన మేకుకున్న నల్లకోటు వైపు చూశారు.

అప్పుడు మా అమ్మ లేచింది. ఆవిడ గంప మీద చెయ్యి వేసి, “సంతకం సంగతి ఒగ్గీ అప్పా. ఇంత దూరం వచ్చేవు, మీ ఇల్లు సూసి ఎల్దువు గాని రా” అంది. అంతే, ఇద్దరూ ముందు, మేమంతా వెనక, మజ్జిగ తాగినవాళ్ళు కొందరు ఇంకా వెనక. ఇంట్లో అడుగుపెట్టాక ఆ పెద్దావిడ గోడలు తడుముకుంటూ పెరట్లోకి నడిచింది. అమ్మ వంటింటి బయట ఒక చోటు చూపించి, తన రోలు ఇక్కడ దింపుకుందామనుకుంటున్నానని చెప్పింది.

“అక్కడొద్దమ్మా, వాన జల్లు కొడతాది” అందావిడ వెంటనే. నాలుగడుగులు పక్కకి జరిగి, కాలితో నేల మీద గీత గీసింది. “మా యమ్మ ఇక్కడెట్టీది. ఇక్కడైతే రుబ్బుతా పక్క సందులోంచి వీదిలోకి సూడొచ్చు.”

అమ్మ ఆ గీత దగ్గర నిలబడి చూసింది. నిజంగానే వీధి కనబడుతోంది. “అయితే ఇక్కడే ఎడతాను. సూడప్పా, నాను ఇల్లు కొంటన్నాను గానీ నీ పుట్టిల్లు కొనుక్కుపోను. నువ్వెప్పుడొచ్చినా ఈ తలుపు తియ్యకపోతే అప్పుడడుగు నన్ను.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, “ఒరే తమ్ముడూ, సేద ఎక్కడెట్టేవు? దాహమేస్తంది” అంది. అన్నేళ్ళ తర్వాత తమ్ముడితో ఆవిడ మాట్లాడిన మొదటి మంచిమాట అదేనట. ఆయన పరిగెత్తుకెళ్ళి నీళ్ళు తోడాడు. వాటాల సంగతి అక్కాతమ్ముళ్ళు ఆ నూతిగట్టు మీదే కూర్చుని తేల్చుకున్నారు. ప్లీడరు గారు దూరంగా మునగచెట్టు కింద నిలబడి, కొమ్మ ఎటువైపుందో ముసలమ్మతో కలిసి చూస్తున్నారు.

రిజిస్ట్రారాఫీసులో వేలిముద్ర డబ్బా ముందుకు తోస్తే దేవరాపల్లప్ప వెనక్కి తోసేసింది. “ఏలిముద్ర ఎయ్యను. మా నాయన అచ్చరాలు నేర్పించేడు” అని పెన్ను కావాలంది. గబుక్కున తీసి ఇచ్చాను. కంగారులో ఇచ్చింది రెండో పెన్ను, అది రాస్తే కదా. నాలిక కరుచుకుని రాసేది అందించాను. ఆవిడ ఒక్కో అక్షరం ముగ్గు పెడుతున్నంత శ్రద్ధగా పెట్టింది. సంతకం బారుగా సాగి తమ్ముడి సంతకానికి విడిచిన చోటుని కూడా సగం ఆక్రమించేసింది. “కాస్త చిన్నగా అమ్మా” అని గుమాస్తా గొణిగితే, “మా నాయన ఇల్లు సిన్నదేటి?” అంది. ఒక్కడుబాబు మిగిలిన చోట్లో ఒదిగి సంతకం పెట్టాడు. నాన్న ఆ రోజు తూచకుండా నవ్వారు.

గృహప్రవేశానికి డప్పు తాత పిలవకుండానే వచ్చాడు. “యావన్మందికీ తెలియజేయడమేటంటే, పేచీలేటీ నేవు, గారెలున్నాయి, రండి” అని వీధి మొదలు నుంచి చాటుకుంటూ వచ్చాడు. రోట్లో మొదటి పప్పు దేవరాపల్లప్ప చేతే వేయించింది అమ్మ. ఇద్దరూ చెరోవైపు కూర్చుని పొత్రం తిప్పుతుంటే ఆ చప్పుడు మా పాత ఇంటావిడ దాకా వినబడి ఉంటుందని నా నమ్మకం. ఆవిడ కూడా వచ్చింది మరి, గారెలు తిని బాగున్నాయంది. ఈసారి నేను బెంచీ కిందికి దూరలేదు. వీధిలో డప్పు పక్కనే నిలబడి వచ్చినవాళ్ళందరినీ లోపలికి పిలిచాను, టైపు నేర్చుకునే ఆడపిల్లలతో సహా.

ఈమధ్య విశాఖలో ఒక ఫ్లాటు కొన్నాను. లాయరు కంప్యూటరు ముందు కూర్చుని అంతా క్లియరుగా ఉందన్నాడు. అమ్మే ఆయన, తల్లిదండ్రుల తర్వాత తనొక్కడే అన్నాడు. “అక్కచెల్లెళ్ళెంతమందండీ?” అన్నాను. “మా ఇంట్లో పెళ్ళి కావాల్సినవాళ్ళు ఎవరూ లేరండీ” అన్నాడాయన అనుమానంగా. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. నేను వదలలేదు. చివరికి ఆయన ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. చాలాసేపటికి తిరిగొచ్చి, “చెల్లెలు ఆదివారం వస్తానందండీ. సంతకం సంగతి తర్వాతట, ముందు అమ్మ వంటిల్లు ఒకసారి చూడాలంది” అన్నాడు. కిందికి దిగేటప్పుడు లిఫ్టు అద్దంలో చూసుకున్నాను, బుగ్గన నురగతో నక్కిన ఆ గుంటడు ఎక్కడైనా కనబడతాడేమోనని. నెరిసిన జుట్టాయనొకడు నవ్వుతూ కనబడ్డాడు. ఆయన జేబులో పెన్ను ఒక్కటే ఉంది, రాసేది.